మాక్‌లో 95, హాల్లో 70. నా బుర్రే నాకు శత్రువా?

ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్ రెండుసార్లు పోయింది. మాక్ టెస్టుల్లో 150కి 95 వస్తాయి. హాల్లో పేపర్ చూడగానే ‘ఈసారీ పోయినట్టే’ అనిపిస్తుంది. పోయినసారి ప్రశ్నపత్రం మీద గుర్తు పెట్టుకున్న 11 జవాబులు ఆఖరి పది నిమిషాల్లో బబుల్స్ నింపేటప్పుడు మార్చాను. ఇంటికొచ్చి చూస్తే అందులో 8 మొదట పెట్టినవే కరెక్టు! తప్పుకి మూడో వంతు మార్కు కోత ఎలాగూ ఉంది. మా నాన్న ‘ధైర్యంగా రాయరా’ అంటారు. ధైర్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పరు.

జవాబు 1: తమ్ముడూ, నాదీ ఇదే రోగం. ఒక నోటుబుక్ పెట్టి ప్రతి తప్పు పక్కన ‘తెలియక’, ‘తొందరలో’, ‘భయంతో మార్చి’ అని రాసేదాన్ని. నెలకి చూస్తే సగం మూడో రకమే. నాకు చదువు రాదనుకుంటూ కూర్చున్నాను ఇన్నాళ్లూ! చిక్కడపల్లి లైబ్రరీలో టైమర్ పెట్టుకుని, పెన్నుతో బబుల్స్ నింపుతూ రాశాను. మళ్లీ మార్చే వీల్లేకుండా పెన్సిల్ ముట్టలేదు.

జవాబు 2: పాజిటివ్ థింకింగ్ అంటూ అద్దంలో చూసుకుని మాట్లాడుకోకండి బాబూ. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందంటే, ముందు భువనగిరి బండ మీద పాకి నేర్చుకుంది. నమ్మకం ఆ తర్వాత వస్తుంది. పోస్టులు తక్కువన్న సంగతీ మర్చిపోవద్దు, అది నీ తప్పు కాదు.

అడిగినవాడు: అక్కా, నిన్నటి మాక్‌లో ఒక్కటీ మార్చలేదు. 98. చెయ్యి మాత్రం నాలుగుసార్లు లేచింది.