టెక్సాస్‌లో సొంతంగా సప్రెసర్ చేసుకోవడం: ఫారం 1 వేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఫ్రిస్కో_రైతుబిడ్డ

అన్నలూ నమస్తే. డాలస్ పక్కన ఉంటాం, పోయినేడు గ్రీన్‌కార్డ్ వచ్చింది. మా ఆఫీసులో ఒకాయనకి వేకో అవతల రాంచ్ ఉంది, అడవిపందులు రాత్రికి రాత్రి పచ్చిక అంతా కుళ్ళగించేస్తాయి, అప్పుడప్పుడు శనివారాలు నన్నూ వేటకి తీసుకెళ్తాడు. నాది .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్. ప్లగ్గులు పెట్టుకున్నా ఇంటికొచ్చేదాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంటుంది. ఆయన రైఫిల్‌కి సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం, అదే సైలెన్సర్) ఉంది, అదేదో కొన్నది కాదు, గరాజ్‌లో లేత్ మిషన్ మీద ఆయనే చేసుకున్నాడంట, ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) అప్రూవల్ కాగితం కూడా చూపించాడు, నాకు మతి పోయింది, ఇంట్లో చేసుకుని దానికి సర్కారు ముద్ర వేయించుకోవచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

2026 జనవరి నుంచి దీనికి 200 డాలర్ల టాక్స్ కూడా లేదంటున్నారు కదా, నేనూ ఫారం 1 వేద్దామనుకుంటున్నా, లేత్ ఆయనది వాడుకోమన్నాడు. మా ఆవిడేమో ఇంట్లో సైలెన్సర్ పెట్టుకుంటే పోలీసులొస్తారు, సినిమాల్లో కిరాయి హంతకుల దగ్గర ఉండేది అదే కదా అని ఒకటే గొడవ. గ్రీన్‌కార్డ్ మీద కుదురుతుందా, వ్యక్తిగతంగా వేయాలా, ట్రస్ట్ పెట్టి దాని పేరు మీద వేయాలా, ఇంకో విషయం, మా ప్రాజెక్ట్ న్యూజెర్సీకి మారేట్టుంది, అప్పుడు దీన్ని ఏం చేయాలి?

కేటీ_బాబాయ్

గ్రీన్‌కార్డ్‌కి అడ్డేం లేదు తమ్ముడూ. తుపాకీ ఉంచుకోడానికి చట్టప్రకారం అర్హత ఉన్నవాడికి ఫారం 1కి కూడా ఉంటుంది. చేసుకునేవాడికి ఫారం 1, షాపులో కొనుక్కునేవాడికి ఫారం 4, అంతే తేడా.

నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే ఉంది, వరస. ముందు అప్రూవల్, తర్వాతే పని. అప్లికేషన్ పెట్టాను కదా, ఎలాగూ వస్తుంది కదా అని మీ ఆఫీసాయన లేత్ మీద ఏదైనా తిప్పడం మొదలెట్టావో అది రిజిస్టర్ కాని సైలెన్సర్ తయారీ కిందకొస్తుంది, పదేళ్ళ దాకా జైలు. టాక్స్ సున్నా అయింది గానీ రిజిస్ట్రేషన్ ఎక్కడికీ పోలేదు, ఫొటో, వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ అలాగే ఉన్నాయి. వాట్సాప్‌లో మనవాళ్ళు "ఇప్పుడు ఫ్రీ అంట" అని తిప్పుతున్నారు, దాన్ని ఎవడెలా అర్థం చేసుకుంటున్నాడో అని నాకు భయంగా ఉంది. టాక్సే లేనప్పుడు రిజిస్ట్రేషన్ ఎందుకని కోర్టుల్లో కేసులు వేశారులే, అవి తేలేదాకా ఇదే రూలు.

ఇంకోటి, మీ కౌంటీ షెరీఫ్‌కో సిటీ పోలీస్ చీఫ్‌కో ఒక కాపీ పంపాలి. 2016కి ముందు వాళ్ళు సంతకం పెడితేనే అయ్యేది, కొన్ని కౌంటీల్లో పెట్టేవాళ్ళు కాదు, అందుకే జనం ఆ సంతకం అక్కర్లేని ట్రస్టులు పెట్టుకున్నారు. ఇప్పుడు ఊరికే తెలియజేస్తే చాలు, వాళ్ళ అనుమతి అక్కర్లేదు.

నల్లగొండ_నర్సిమ్మ

వదినకు చెప్పు అన్నా, సినిమాల్ల లెక్క "తుస్" మని అస్సలు రాదు. నీ .308 మామూలుగ పేలితే 160 డెసిబెల్స్ దాటుతది. మంచి సప్రెసర్ పెడితే 25 నుంచి 30 దాకా తగ్గుతది, అంటే ఇంకా 130 పైనే ఉంటది, పక్క పొలంల ఉన్నోడికి బాగానే ఇనబడుతది. చెవి నరాలకు 140 దాటితే ఒక్క దెబ్బకే నష్టం అని డాక్టర్లు పెట్టుకున్న గీత, ఆ గీత కిందికి తెస్తది, అంతే దీని పని. డెసిబెల్ లెక్క సీదాగ ఉండది, 30 తగ్గిందంటే చెవి మీద పడే ఒత్తిడి ముప్పై వంతుల్ల ఒక వంతు అయినట్టు. ప్లగ్గులు మాత్రం తీసెయ్యకు.

ఇంకో సౌండ్ ఉంటది, దాన్ని ఎవ్వడూ ఆపలేడు. .308 బుల్లెట్ సెకన్‌కు 2,600 అడుగుల పైన పోతది, సౌండ్ పోయేదేమో 1,100 చిల్లర. బుల్లెట్ సౌండ్‌ను దాటుకుంట పోతాంటే తోవ పొడుగూత కొరడా కొట్టినట్టు పటేల్‌మంటది. సప్రెసర్ ఆపేది బ్యారెల్ మూతికాడ గ్యాస్ ఒక్కసారి బయటికి తన్నే సౌండ్ మాత్రమే. మన మోటర్‌సైకిల్ సైలెన్సర్ జేసేది గూడ గదే. ఊరికే అంటలే, మొదలు దీన్ని జేసి అమ్మిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఇంజిన్ మఫ్లర్ల మీద గూడ పనిజేసిండు, సైలెన్సర్‌కు 1909ల పేటెంట్ వచ్చింది. ఆయన తండ్రేమో మాక్సిమ్ మెషీన్‌గన్ కనిపెట్టినాయన. తండ్రి అంత లొల్లి వెడితే కొడుకు దాన్ని తగ్గించేది కనిపెట్టిండు, గమ్మతి కదా. అప్పుడు లైసెన్స్ గీసెన్స్ ఏం లేదు, దుకాణంల కొనుక్కునుడే. 1934ల నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ వచ్చి 200 డాలర్ల టాక్స్ ఏసిండ్రు, ఆ కాలంల 200 అంటే మామూలోడు కొనేటట్టు లేకుండ జేసుడే. ఆ 200 మాత్రం 2025 దాకా ఒక్క డాలర్ పెరగలే.

ఆస్టిన్_హెచ్1బీ

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నేను ఇంకా హెచ్1బీ మీదే ఉన్నా, నాకు కుదురుతుందా? రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్‌తో కాలుస్తుంటా.

కేటీ_బాబాయ్

హెచ్1బీ వాళ్ళకి మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో ఉండటమే నిషేధం బాబూ, రేంజ్‌లో అద్దెకి తీసుకున్నది కూడా ఇందులోకే వస్తుంది, చాలామందికి ఇది తెలీదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో ఓనర్ ఒప్పుకుంటే పందుల వేటకి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, అందుకని మనవాళ్ళు తీసుకోవడం మానేస్తున్నారు. పందికి అక్కర్లేదు నిజమే, నీ వీసాకి కావాలి. ఆ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిన రోజునుంచి నీ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. నన్నడిగితే గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా సప్రెసర్ జోలికి పోకు, పోవాలనుకుంటే లాయర్‌ని అడుగు, నన్ను కాదు.

గుంటూరు_గన్‌స్మిత్

అందరూ కాగితాల గురించే చెప్తున్నారు, నేను వేరేది చెప్తా, నచ్చకపోతే వదిలెయ్యండి. సొంతంగా చేసుకోవద్దు, కొనుక్కో. అప్పట్లో ఫారం 1కి 200, ఫారం 4కి 200, ఎలాగూ కడుతున్నాం కదా తయారీ ఖర్చన్నా మిగుల్చుకుందాం అని చేసేవాళ్ళు, పైగా ఫారం 4 నెలలకి నెలలు ఏడాది దాకా పట్టేది, ఫారం 1 త్వరగా వచ్చేది. ఇప్పుడు రెండిటికీ టాక్స్ లేదు, ఫారం 4 కూడా ఈమధ్య త్వరగానే వస్తోంది. ఇంక ఏం మిగిలిందంటే సరదా. లేత్ మీద చెయ్యి తిరిగినవాడికి ఆ సరదా నిజంగా గొప్పదే, కాదనను. నీ పోస్ట్ చూస్తే లేత్ ఆయనది, నైపుణ్యం ఆయనది, నీది కోరిక మాత్రమే.

అసలు ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ఫారం 1 నీ పేరు మీద ఉంటే చేయాల్సింది నువ్వు. ఆయన నీకు చేసిపెడితే తయారుచేసింది ఆయనవుతాడు, నీ అప్రూవల్ ఆయనకి పనికిరాదు. ఆయన గరాజ్‌లో మిషన్ వాడుకోవడం వేరు, ఆయన చేత చేయించుకోవడం వేరు, వస్తువుని అక్కడ వదిలేసి రావడం అయితే అసలు చేయకూడదు.

చెడిపోయిందనుకో. కంపెనీదయితే వాళ్ళకి పంపిస్తే బాగుచేస్తారు, చాలా కంపెనీలకి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది. నువ్వు చేసుకున్నది లోపల ఒక ముక్క పాడైతే ఇంకో ముక్క చేసి పెట్టుకోడానికి లేదు. చట్టంలో సైలెన్సర్ అంటే మొత్తం వస్తువే కాదు, అందులోకి మాత్రమే పనికొచ్చే ఒక్కో భాగం కూడా సైలెన్సరే, స్పేర్ చేసి డబ్బాలో పెట్టుకుంటే రిజిస్టర్ కాని ఇంకో సైలెన్సర్ నీ దగ్గరున్నట్టు లెక్క. లైసెన్స్ ఉన్న తయారీదారు దగ్గరికే తీసుకెళ్ళాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు సిటిజన్ కాదు. ఆయుధాల నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డ్ ఉన్నా డిపోర్ట్ చేయొచ్చు. మీ ఆఫీసాయన తప్పు చేస్తే లాయర్‌కి డబ్బు పోస్తాడు, జైలుకెళ్ళినా ఇక్కడే ఉంటాడు. నువ్వు చేస్తే పిల్లల్ని స్కూల్లోంచి తీసి శంషాబాద్ విమానం ఎక్కాల్సిందే.

ప్లేనో_పవన్

ఆన్‌లైన్‌లో తుపాకీ క్లీనింగ్ కిట్లు అని వస్తాయి కదా, సాల్వెంట్ ట్రాప్ అని, వాటిని కొని ఫారం 1 వేస్తే పనైపోతుందంట, లేత్ ఎందుకు? ఎవరైనా లింక్ పెట్టండి, లోపల కొలతలు ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి.

కేటీ_బాబాయ్

లింకులు, కొలతలు ఇక్కడ ఎవరూ పెట్టొద్దు దయచేసి. చదివేవాళ్ళలో న్యూజెర్సీవాళ్ళున్నారు, ఇండియావాళ్ళున్నారు, రేపు ఎవడో ఏదో చేస్తే మన మెడకి చుట్టుకుంటుంది.

ఆ కిట్ల సంగతి మాత్రం చెప్తా. 2022 మొదట్లో ఏటీఎఫ్ చాలా ఫారం 1లని ఒకేసారి తిరస్కరించింది. వాళ్ళ వాదన ఏంటంటే, మీరు కొన్న కిట్టే ఆల్రెడీ సైలెన్సర్, ఉన్నదాన్ని మళ్ళీ "తయారుచేస్తాను" అని అప్లికేషన్ ఎలా పెడతారు అని. అంటే నిజాయితీగా ఫారం వేసి పేరు, అడ్రస్, వేలిముద్రలు ఇచ్చినవాళ్ళే ఇరుక్కున్నారు. కొనేటప్పుడు నీ కార్డు నంబర్ అమ్మినవాడి దగ్గర ఉంటుంది, కొన్నవాళ్ళ లిస్టు చూసి ఇళ్ళకి ఉత్తరాలు కూడా వచ్చాయి. చౌకగా వస్తుందని ఆ దారి పట్టకు పవన్.

నల్లగొండ_నర్సిమ్మ

ఇంకోటి గూడ ఉన్నది, "మా రాష్ట్రంల చేసి రాష్ట్రంలనే వాడుకుంటే ఫెడరల్ చట్టం వర్తించదు" అని టెక్సాస్‌ల 2021ల ఒక చట్టం జేసిండ్రు, దాన్ని నమ్మి ఎవ్వడూ దిగొద్దు. ఇసొంటిదే కాన్సాస్‌ల 2013ల జేస్తే, అది నమ్మి ఒక దుకాణపాయన సైలెన్సర్లు జేసి అమ్మిండు, కొన్నోడు "రిజిస్ట్రేషన్ అక్కర్లేదంట" అని ఫేస్‌బుక్‌ల వీడియో వెట్టిండు. ఇద్దరికీ ఫెడరల్ కోర్టుల శిక్ష పడ్డది, 2018ల అప్పీల్ కోర్టు గూడ రాష్ట్ర చట్టం మిమ్మల్ని కాపాడదు అని చెప్పింది, సుప్రీంకోర్టు వినుటానికే ఒప్పుకోలే. టెక్సాస్ సర్కార్ తన చట్టం కోసం ఏసిన కేసు గూడ 2024ల అప్పీల్ కోర్టుల నిలువలే.

ఫ్రిస్కో_రైతుబిడ్డ

అందరికీ థాంక్స్. గుంటూరు అన్న చెప్పింది మా ఆవిడకి చదివి వినిపించా, ఆ విమానం లైన్ దగ్గర ఆపేసి మళ్ళీ చదవమంది 😅 ఆయన చేత చేయించుకోకూడదన్న పాయింట్ నాకు తట్టనేలేదు. కొనడం వైపే మొగ్గుతున్నా. న్యూజెర్సీ సంగతి ఎవరూ చెప్పలేదు, మార్చిలో తేలుతుంది.

ఎడిసన్_సుబ్బు

నేను చెప్తా, నేనుండేది అక్కడే కదా. న్యూజెర్సీలో మామూలు జనం దగ్గర సప్రెసర్ ఉండకూడదు, ఫెడరల్ అప్రూవల్ ఉన్నా సరే. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, మసాచుసెట్స్, డెలావేర్, రోడ్ ఐలాండ్, హవాయి కూడా అంతే. మనవాళ్ళ ఉద్యోగాలు సగం ఈ రాష్ట్రాల్లోనే ఏడుస్తాయి. మిగతా రాష్ట్రాల మధ్య అయితే సప్రెసర్‌కి ముందస్తు ఫెడరల్ పర్మిషన్ అక్కర్లేదు, పొట్టి బ్యారెల్ రైఫిల్‌కి కావాలి, దీనికి వద్దు. న్యూజెర్సీకి మాత్రం మూవర్స్ ట్రక్కులో సామాన్లతో పాటు వేసి పంపావో, దిగేసరికి నేరస్తుడివి.

స్నేహితుడి ఇంట్లో పెట్టి వెళ్ళడానికి కుదరదు, నీ పేరు మీద ఉన్నది వాడి చేతిలో ఉండకూడదు. అందుకే ట్రస్ట్ మంచిది. టెక్సాస్‌లోనే ఉండిపోయే నమ్మకమైనవాణ్ణి కో-ట్రస్టీగా పెడితే అతను చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు. ట్రస్టీలందరూ ఫొటోలు, వేలిముద్రలు ఇవ్వాలి, ఒక్కడు సంతకానికి బద్ధకిస్తే అందరిదీ ఆగిపోతుంది, కాబట్టి మొహమాటానికి బావమరుదులందర్నీ చేర్చకు.

ట్రస్ట్ పేరు చిన్నది పెట్టు. సొంతంగా చేసుకుంటే తయారుచేసినవాడి పేరు, ఊరు, రాష్ట్రం, సీరియల్ నంబర్, మోడల్, క్యాలిబర్ దాని మీద చెక్కించాలి, లోతు అంగుళంలో వెయ్యింట మూడు వంతులకి తగ్గకూడదు, సీరియల్ అంకెలు అంగుళంలో పదహారో వంతుకన్నా చిన్నగా ఉండకూడదు. ట్రస్ట్ పేరున వేస్తే తయారుచేసింది ట్రస్టే, ఆ పేరే చెక్కాలి. డాలస్‌లో మా ఫ్రెండ్ ఒకడు భక్తిగా వాళ్ళ తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు కలిపి ఫ్యామిలీ రివోకబుల్ లివింగ్ ట్రస్ట్ అని పెట్టాడు. ఎన్‌గ్రేవింగ్ షాపువాడు ఆ గొట్టాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, ఇది రెండు వరసల్లో కూడా పట్టదు సార్, కంటికి కనిపించేంత సైజ్ అన్నా ఉండాలి కదా అన్నాడంట. చివరికి గొట్టం చుట్టూ మూడు వరసలు తిప్పి కొట్టించాడు, చూస్తే శిలాశాసనంలా ఉంటుంది. కొనుక్కుంటే ఈ బాధ లేదు, కంపెనీ పేరే ఉంటుంది.

అమీర్‌పేట్_ఎయిర్‌రైఫిల్

మేం ఇక్కడ గచ్చిబౌలి రేంజ్‌లో పది మీటర్లు కాల్చుకునే బ్యాచ్ 🙂 మా కజిన్ డాలస్‌లోనే, వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు, లైసెన్స్ ఉన్న మా బాబాయ్ రైఫిల్‌కి పెట్టుకోవచ్చా?

కేటీ_బాబాయ్

వద్దు అని ఇవాళే ఫోన్ చేసి చెప్పు. మన ఆర్మ్స్ రూల్స్‌లో తుపాకీ శబ్దం తగ్గించే సామాను నిషేధిత కేటగిరీలో ఉంది, మీ బాబాయ్‌కి ఉన్న మామూలు లైసెన్స్ దానికి పనికిరాదు. అటు అమెరికా నుంచి ఎగుమతి లైసెన్స్ లేకుండా బయటికి తీసుకెళ్ళడం కూడా నేరమే, అంటే డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో ఒకసారి, శంషాబాద్‌లో ఇంకోసారి పట్టుకుంటారు.

ఫ్రిస్కో తమ్ముడూ, ట్రస్ట్ అయినా వ్యక్తిగతమైనా వేలిముద్రలు మాత్రం బాగా పడేలా చూసుకో, ఎఫ్‌డీ-258 అనే వేలిముద్రల కార్డు మీద రెండు సెట్లు. చలికాలంలో చేతులు ఎండి గీతలు సరిగా పడవు, వెళ్ళే ముందు లోషన్ రాసుకుని తుడుచుకో, మసకగా ఉంటే మళ్ళీ పంపమంటారు.