‘ముత్యపు చిప్ప కిటికీ’ అంటే ఎవరికైనా ఏం తోస్తుంది?

అందరికీ నమస్కారం. మా బంధువులు ఓ పాతికమంది గోవా వెళ్తున్నారు. పాత గోవా చర్చిల గురించి చేతిలో పట్టుకుని చదువుకునేలా నాలుగు పేజీలు తెలుగులో రాసిపెట్టమన్నారు. గంట గోపురం, బలిపీఠం దాకా బండి బాగానే నడిచింది. ఒక కిటికీ దగ్గర ఆగిపోయింది.

అక్కడి పాత చర్చిల్లో, పోర్చుగీసు కాలం నాటి ఇళ్ళల్లో కొన్ని కిటికీలకు గాజు ఉండదు. సన్నని చెక్క పట్టీలకు గాళ్ళు తీసి, వాటిలో సముద్రపు చిప్పల్ని పలకల్లా కోసి వరసగా దూర్చారు. గాజు ఓడలో రావాలి, ఖరీదెక్కువ, దారిలో పగులుతుంది. చిప్పలైతే చేరువలోనే దొరికేవి. పోయినసారి వెళ్ళినప్పుడు ఒకదాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక్కో పలక మీదా చెట్టు మానులో ఉన్నట్టు సన్నని వలయాలు. వేలితో మీటితే గాజులా మోగదు, గోటి మీద కొట్టినట్టు టక్కుమంటుంది. బయట మండుటెండ, లోపలికి మాత్రం నూనె కాగితంలోంచి వచ్చినంత వెలుగు.

గైడు దీన్ని ‘మదర్ ఆఫ్ పెర్ల్’ అన్నాడు. నేను ‘ముత్యపు చిప్పల కిటికీలు’ అని రాశాను. మా నాన్నగారు చదివి, “నగల పెట్టెలా ధగధగలాడుతూ ఉంటుందా?” అన్నారు. అసలు ధగధగే లేదు! ఫొటో జతచేశాను, చూడండి. మరి ఏమనాలి? ఆల్చిప్ప కిటికీ? గుల్ల కిటికీ?

గూడూరు సభ్యుడు:
ఫొటో చూడగానే ఇది మా కాకిబంగారం అనుకున్నాను. అదేనండీ, అభ్రకం. మా వైపు గనుల దగ్గర చిన్నప్పుడు రేకులు ఏరుకుని కళ్ళకు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసేవాళ్ళం (చూడకూడదు, అది వేరే సంగతి). ‘అభ్రకం లాంటి చిప్ప’ అని రాస్తే మా నెల్లూరు వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది.

కాకినాడ సభ్యురాలు:
ఇది ముత్యాల చిప్ప కాదండీ. ముత్యాల పరిశ్రమకు వాడేది వేరే జాతి. మీ ఫొటోలోది పల్చగా, బల్లపరుపుగా, పళ్ళెంలా ఉండేది. శాస్త్రం పేరు ప్లాకునా ప్లాసెంటా. గోవా దాకా పోనక్కర్లేదు, మా కాకినాడ అఖాతంలోనూ ఉంది. దాన్ని కాల్చి సున్నం చేసేవారు. మా ఇంట్లో గుల్ల అంటే సున్నం గుల్లే, కిటికీ గుర్తుకు రాదు. 2001లో దీన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో చేర్చారు, కాబట్టి మీవాళ్ళను అక్కడ ఏరుకు తెచ్చుకోవద్దని కూడా ఒక ముక్క రాయండి.

రిటైరైన తెలుగు మాస్టారు:
అమ్మా, మూడు మాటలున్నాయి, మూడూ ఒకటి కావు. గుల్ల అంటే లోపల డొల్లగా ఉండేది. నత్తగుల్ల. చెదపురుగు తిన్న దూలాన్ని కూడా ‘లోపలంతా గుల్ల’ అంటాం. పెంకు అంటే పెళుసుగా విరిగేది. గుడ్డు పెంకు, కుండ పెంకు. చిప్ప అంటే రెండు సగాల్లో ఒక సగం, కాస్త దోనెలా ఉండేది. కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప. ఆల్చిప్ప ఈ మూడో కోవలోది. కవులు కళ్ళను ఆల్చిప్పలతో పోల్చింది ఆ వంపును చూసే కదా. ఈ కిటికీలో ఉన్నదానికి వంపు ఏదీ? వంపు కోసేసి పలక మిగిల్చారు. అందుకని ఉత్త ‘ఆల్చిప్ప కిటికీ’ అంటే నాకు కిటికీ నిండా కళ్ళు కనిపిస్తున్నాయి.

చెన్నై సభ్యుడు:
మాస్టారూ, ‘శుక్తి గవాక్షం’ (సంస్కృతంలో ఆల్చిప్ప కిటికీ) అనేయండి, గొడవ వదిలిపోతుంది! 😀
సరదాకి అన్నాను గానీ, అసలు కిటికీ మాటే చూడండి. మేం ఇక్కడ తమిళుల మధ్య పెరిగి ఇంట్లో ‘జన్నలు వెయ్’ అంటాం. తమిళంలో జన్నల్, కొంకణిలో జనెల్, రెండూ పోర్చుగీసు ‘జనేల’ నుంచే. ఆ చర్చి కట్టినవాడి నోట్లో మాట మా ఇంట్లో ఉంది. మీరంతా అలమారా, మేస్త్రీ, పీపా అంటూ వాళ్ళ మాటలే వాడుతూ కిటికీ దగ్గర మాత్రం హిందీ ‘ఖిడ్కీ’ వైపు తిరిగారు.

గుంటూరు సభ్యురాలు:
నేను కతోలిక కుటుంబం నుంచి. కిటికీ సంగతి మీరు తేల్చుకోండి గానీ, అదే నాలుగు పేజీల్లో పునీతుల (సెయింట్ల) ‘విగ్రహాలు’ అని రాసి ఉంటే మార్చండి. మేం ‘స్వరూపం’ అంటాం. మరియమాత స్వరూపం, సూసెప్పగారి (సెయింట్ జోసెఫ్) స్వరూపం. చర్చిని ‘దేవాలయం’ అంటాం, మా నాయనమ్మకైతే ఉత్త ‘గుడి’. ఇంకొకటి. పాత గోవాలోని పెద్ద చర్చి ‘సె కెథెడ్రల్’లో ‘సె’ ఎవరో పునీతుల పేరనుకుంటారు చాలామంది. పోర్చుగీసులో అది బిషప్ గారి పీఠం, లాటిన్‌లో ఆసనం అనే మాట నుంచి వచ్చింది. మన ‘మేత్రాసనం’ (బిషప్ గారి పరిధిలోని ప్రాంతం)లో ఉన్నది కూడా ఆసనమే కదా.

మొదటి పోస్టు రాసినవారు:
స్వరూపం మాట బంగారంలా ఉంది, నాలుగు చోట్ల మార్చాను. ‘సె’కి కూడా ఒక వాక్యం చేర్చాను. ఆ చర్చి 1562లో మొదలై 1619కి గాని పూర్తి కాలేదు. ముందు రెండు గంట గోపురాలుండేవి, 1776లో ఒకటి కూలింది, మళ్ళీ కట్టలేదు. ఫొటోల్లో ఒంటి భుజంతో నిలబడ్డట్టుంటుంది.

కాకినాడ వారు సున్నం అన్నాక ఇంకో సంగతి వెలిగింది. అక్కడి గోడలు ఎర్రటి లాటరైటు రాయి. చిల్లులు చిల్లులుగా ఉండే రాయి, వాన నీళ్ళు పీల్చుకుంటుంది. అందుకే పైన సున్నపు గచ్చు పూశారు, ఆ సున్నంలో చిప్పల ముక్కలు నలగ్గొట్టి కలిపారు. అంటే కిటికీలో చిప్పే, గోడ మీదా చిప్పే! సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న బోం జెసుస్ చర్చి (1594లో పునాది, 1605లో ప్రతిష్ఠ) ఇవాళ ఎర్రగా, పాతగా కనిపిస్తుంటే అందరం మురిసిపోయి ఫొటోలు తీసుకుంటాం. అది అసలు రూపం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ గచ్చు ఒలిచేశారు. చర్మం తీసేసి అందం అంటున్నామన్నమాట. అప్పటి నుంచీ ప్రతి వానాకాలం ఆ రాయి తడుస్తూనే ఉంది.

మాస్టారు చెప్పిన తేడా పట్టుకుని ఇలా రాశాను, చూడండి: “ఈ కిటికీలకు గాజు లేదు. ఆల్చిప్పల్ని పల్చని పలకలుగా కోసి చట్రంలో దూర్చారు. అవతల మనిషి కనిపించడు, ఎండ మాత్రం చల్లబడి లోపలికి వస్తుంది.” కింద పేరు ‘చిప్ప పలకల కిటికీ’.

రిటైరైన తెలుగు మాస్టారు:
బాగుంది. ‘పలక’ దగ్గర బడి గుర్తొస్తుంది, రానివ్వండి. అయితే ఉత్త ‘చిప్ప’ అనకండి, మీవాళ్ళలో ఎవరో ఒకరు చేతికి చిప్ప వచ్చిందని నవ్వుతారు. ‘ఆల్చిప్ప పలకల కిటికీ’ అనండి. పొడవైనా ఫరవాలేదు.

కాకినాడ సభ్యురాలు:
ఫొటో మా అత్తగారికి చూపించానండీ. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సున్నం బట్టీ ఉండేదట. చాలాసేపు చూసి, “కాల్చకుండా కిటికీకి పెట్టుకున్నారా, ఎంత ఓపికో!” అన్నారు.