ఎనిమిదేళ్ల బాబు తొడ ఎముకకు ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న (ఆదోని): మా అక్క కొడుకు చింతచెట్టు మీద నుంచి పడడంతో తొడ ఎముక నడిమధ్యన విరిగింది. బరువు 24 కిలోలు. కర్నూలు పెద్దాసుపత్రిలో లోపల కడ్డీలు వేయాలంటున్నారు. పిండికట్టు సరిపోదా? ఎదిగే ఎముకకు హాని జరగదా?

జవాబు: అయ్యా, ఐదేళ్లలోపు పిల్లలకైతే నడుము నుంచి వేసే పిండికట్టు చాలావరకు సరిపోతుంది. ఈ వయసులో మాత్రం, మోకాలికి కాస్త పైన, ఎముక పెరిగే భాగాన్ని తాకకుండా, వంగే గుణమున్న రెండు టైటానియం కడ్డీలను ఇరువైపుల నుంచి ఎక్కిస్తారు కనుక ఎదుగుదలకు ముప్పు చాలా తక్కువ. వారాల తరబడి కట్టులో కదలకుండా పడుకోబెట్టే బాధా తప్పుతుంది.

మరో జవాబు: బరువు 50 కిలోలకు చేరువైనా, ఎముక నుజ్జయినా ప్లేటు గానీ గట్టి కడ్డీ గానీ ఆలోచిస్తారు, మీవాడికి ఆ అవసరం కనిపించడం లేదు. కడ్డీ కొన మోకాలి దగ్గర గుచ్చుకుంటే డాక్టరుకు చూపించండి. అతికాక, సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో, వాటిని తీసేస్తారు. ఆ కాలు సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ పెరగవచ్చు, దానికి కంగారుపడకండి.

ఇంకొక జవాబు: ఎవరు చెప్పినా నాటుకట్టుకు తీసుకుపోవద్దని వేడుకుంటున్నాను, కట్టు బిగిస్తే రక్తప్రసరణ ఆగే ప్రమాదముంది.