సోల్ కలిశాక జాజ్‌లో మనోధర్మం తగ్గిపోయిందా?

అయ్యకోనేరు గట్టు, విజయనగరం:
ఆదివారం సాయంత్రాలు మేం కొందరం కలిసి కొత్త ఆల్బంలు వింటాం. పోయిన వారం పెద్ద వాదనే అయింది. ఇప్పుడొచ్చే జాజ్ సగం సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల గొంతు ప్రధానమైన పాటల బాణీ) పాటలేనని, గొంతూ బేస్ గిటారూ తలాడించే లయా ఉంటే చాలనుకుంటున్నారని, అప్పటికప్పుడు పుట్టించి వాయించే పని, అదే మనోధర్మం, తగ్గిపోయిందని ఒక జట్టు. కాదని ఇంకో జట్టు. ఇక్కడ వినేవాళ్లు ఏమంటారు?

కచేరీ మాస్టారు, విజయనగరం:
తగ్గింది. దారి మళ్లింది 2012లో, రాబర్ట్ గ్లాస్పర్ ‘బ్లాక్ రేడియో’తో. వేసింది బ్లూ నోట్ కంపెనీ, చేసింది జాజ్ పియానిస్టు, గ్రామీ అవార్డు మాత్రం సోల్‌కి దగ్గరి చుట్టమైన ఆర్ అండ్ బి విభాగంలో వచ్చింది. పాట పాటకీ గొంతు మారుతుంది, పియానో పక్కవాద్యంగా సర్దుకుంటుంది. మంచి ఆల్బమే, కాదనను. కానీ తరవాత వచ్చినవాళ్లు ఆ సర్దుబాటునే పట్టుకున్నారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. రాగం విప్పి చూపించకుండా పాట పాడేసి లేచిపోతే మాకు కచేరీ విన్నట్టుండదు.

ఏడురోడ్ల జంక్షన్, శ్రీకాకుళం:
ఏటండి మాస్టారూ, పాటుంటే మనోధర్మం పోయినట్టేనా? నెరవలు (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) చేసేది కీర్తనలో సాహిత్యం మీదే కదా! 2024లో వచ్చిన జాజ్ గాయని సమారా జాయ్ ఆల్బం ‘పోర్ట్రెయిట్’ విన్నారా? 2023 గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారిణి బహుమతి ఆవిడకే వచ్చింది. ఆ పేరుతో రేడియోకి నచ్చే పాటలు చేసుకుంటూ పోవచ్చు. ఆవిడేం చేసింది? జాజ్ బేసిస్టు చార్లెస్ మింగస్ కట్టిన ‘రీఇన్‌కార్నేషన్ ఆఫ్ ఎ లవ్‌బర్డ్’కి తనే మాటలు రాసుకుని, ఒక్క వాద్యం తోడు లేకుండా ఎత్తుకుంది. అలా ఒంటి గొంతుతోనే సాగి సాగి, ఎప్పటికో బ్యాండు వచ్చి కలుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలుస్తుంది.

ఇక లయ సంగతి. డిఏంజెలో ‘వూడూ’ 2000లో వచ్చిన సోల్ ఆల్బం. అందులో డ్రమ్ము దెబ్బ తాళం కన్నా వెంట్రుకవాసి వెనక పడుతుంది, బేస్ ఇంకా వెనక్కి లాగుతుంది, అయినా నడక చెదరదు. ఆ తరవాతి జాజ్ డ్రమ్మర్లు ఆ నడకని ఎంత సాధన చేశారో! ఆ వెంట్రుకవాసిని దెబ్బదెబ్బకీ మనసులో కొలుచుకోవడం మనోధర్మం కాదా? మృదంగం పట్టినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు.

మా జిల్లా తప్పెటగుళ్లు చూడండి. గుండె మీద తప్పెట కట్టుకుని, గజ్జెలతో ఎగురుతూ వాయిస్తారు. ఆట ఆగదు, దరువు మాత్రం మారుతూనే ఉంటుంది. లండన్ జాజ్ బృందం ఎజ్రా కలెక్టివ్ వాళ్లూ జనం ఆడాలనే వాయిస్తారు. 2023లో, బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బంకిచ్చే మెర్క్యురీ ప్రైజు గెలిచిన తొలి జాజ్ బృందం వాళ్లే. జనం కాళ్లు కదిలాయి కాబట్టి విద్య తక్కువనడం అన్యాయం మాస్టారూ.

కచేరీ మాస్టారు:
తప్పెటగుళ్ల మాట బాగుంది. కానీ సమారా జాయ్ పాత బాట వదలని మనిషి, మీ వాదానికి సాక్ష్యం కాదు. నేనడిగేది ఒకటే. నాలుగు నిమిషాల పాటలో వాయించేవాడికి చోటెక్కడ?

బొబ్బిలి వీణ:
మాస్టారు గారూ, ద్వారం వారి కాలంలో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలే. మన విద్వాంసులు రాగాన్ని అందులోనే ఇమిడ్చారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ 1928లో అలాంటి రికార్డుకే వాయించాడు. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, కొన్ని సెకన్లు. ఆ కొన్ని సెకన్లనే ఇప్పటికీ పిల్లలు నేర్చుకుంటున్నారు. ‘బ్లాక్ రేడియో’ మళ్లీ పెట్టి, గొంతుల్ని కాసేపు వదిలేసి, వాటి కింద పియానో ఏం చేస్తోందో వినండి. చోటు అక్కడ దొరుకుతుంది.

కచేరీ మాస్టారు:
వింటానమ్మా. మీరూ శాక్సఫోన్ వాయించే కమాసీ వాషింగ్టన్ ఆల్బం ‘ది ఎపిక్’ వినండి. 2015లో వచ్చింది, మూడు డిస్కులు, మూడు గంటలకి కాస్త తక్కువ. సోల్ అందులోనూ ఉంది, కానీ వాయించేవాడికి ఇవ్వాల్సిన చోటు ఇచ్చాకే. నేనడిగేది అదే, నా మాట మారలేదు.