ఉగాండాలో పక్షుల కోసం మర్చిసన్ ఫాల్స్ ఒక్కటీ చాలా?

అమలాపురం మాస్టారు:
నమస్కారమండి. రిటైరైన సైన్సు టీచర్ని. చలికాలం వస్తే కోరింగ మడ అడవులు, ఆటపాక గూడబాతులు, ఇదే నా లోకం. మా అబ్బాయి కంపాలాలో ఉద్యోగం చేస్తున్నాడు, జనవరిలో రమ్మంటున్నాడు. వాడికి సింహాలు చూపించాలని ఉంది, నాకేమో షూబిల్ అనే పెద్ద చిత్తడి పక్షిని చూడాలని. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కు ఒక్కటీ చాలా, క్వీన్ ఎలిజబెత్ పార్కు కూడా పెట్టుకోవాలా? ఇద్దరం అరవై దాటినవాళ్లం, ఇంజక్షన్ల సంగతీ చెప్పండి.

కాకినాడ లాంచీ:
మాస్టారూ, మర్చిసన్‌కే వెళ్లండి. పక్షుల కోసమైతే జీపు కంటే పడవ మేలు, మేడంగారికీ నడక తప్పుతుంది. అక్కడ నైలు ఏడు మీటర్ల రాతి సందులోంచి దూకి, తర్వాత నింపాదిగా పారి ఆల్బర్ట్ సరస్సులో కలుస్తుంది. కలిసేచోట అంతా పాయలే. యానాం దిగువన తిరిగినట్టే ఉంటుంది, మడచెట్ల బదులు పపైరస్ తుంగ.

పారా రేవు నుంచి జలపాతం కిందకి వెళ్లే లాంచీని అందరూ ఎక్కుతారు. బాగుంటుంది, కాదనను: హిప్పోలు, మొసళ్లు, ఒడ్డు మట్టిగోడలో బొరియలు తొలుచుకున్న ఎర్రగొంతు బీ-ఈటర్ పిట్టలు. కానీ మీకు కావలసింది దిగువకి, డెల్టా వైపు పోయే బోటు. తెల్లారగానే బయల్దేరండి. షూబిల్ కోసమే వచ్చామని బోటతనికి ముందే చెప్పండి, లేదంటే ఏనుగు కనబడ్డ ప్రతిచోటా ఆపేస్తాడు.

షూబిల్ ఓపిక చూడాలండి! నాలుగడుగుల పక్షి, లంగ్‌ఫిష్ అనే చేప పైకి వస్తుందేమోనని బురదలో అలా నిలబడే ఉంటుంది. మా బోటులో ఒకావిడ బొమ్మేమో అనుకుంది. అయితే కనబడుతుందని గ్యారంటీ లేదు. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూట ఎంటెబ్బే దగ్గర మబాంబా చిత్తడికి ఉంచుకోండి. అక్కడ చిన్న పడవల్లో తీసుకెళ్తారు.

క్వీన్ ఎలిజబెత్‌లో కజింగా కాలువ గొప్పదే, ఆ పార్కులో 600కి పైగా పక్షి జాతులున్నాయి. కానీ రెండు పార్కులూ అంటే సగం సెలవు కారులోనే గడుస్తుంది. నేనైతే వదిలేస్తా.

జనవరి మంచి నెల. వానలు తక్కువ, యూరప్ నుంచి వలసొచ్చిన పిట్టలు ఇంకా అక్కడే ఉంటాయి. మన ఉప్పుటేర్ల దగ్గర తిరిగే కామన్ శాండ్‌పైపర్ అక్కడా కనబడుతుంది. నలుపు తెలుపు లకుముకి పిట్టలకైతే లెక్కే లేదు.

రాజమండ్రి నర్సమ్మ:
ఎల్లో ఫీవర్ టీకా తప్పదు మాస్టారూ. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో దొరుకుతుంది. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. 60 దాటినవాళ్లకి ఈ టీకాతో రిస్కు కాస్త ఎక్కువ. డాక్టర్‌కి చూపించుకోకుండా నేరుగా లైన్లో నిలబడకండి. గుడ్డు పడనివాళ్లయితే అదీ చెప్పాలి. మలేరియా మాత్రలు కూడా అప్పుడే రాయించుకోండి.

భీమవరం చెరువుగట్టు:
మా రొయ్యల చెరువు మీద వాలే కొంగల్ని తోలలేక చస్తున్నాం, మీరు కొంగల కోసం ఆఫ్రికా వెళ్తున్నారా మాస్టారూ! సరదాకన్నా లెండి. ఒక్కమాట, నీలం, నలుపు బట్టలు వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, చొక్కా మీద నుంచీ కుడతాయి. నది ఉత్తరపు ఒడ్డున ఒక పూట జీపు కూడా పెట్టుకోండి, జిరాఫీలు మందలుగా ఉంటాయి. పాపం అబ్బాయి సరదా కూడా తీరాలి కదా.

అమలాపురం మాస్టారు:
అందరికీ ధన్యవాదాలండి. డెల్టా బోటు మాట్లాడమని అబ్బాయికి మెసేజ్ పెట్టాను. సోమవారం ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. లాంచీ గారూ, నా దగ్గర 10×50 బైనాక్యులర్ ఉంది, పడవ ఊపుకి అది నిలుస్తుందా?

కాకినాడ లాంచీ:
నిలవదండి, 10 రెట్లు పెద్దది చేసేదైతే పడవలో బొమ్మ వణుకుతుంది. 8 రెట్లదే, 8×42 ఎవరినైనా అడిగి తీసుకెళ్లండి. కాకినాడ వస్తే నాదే ఇస్తా.