ఇందుకూరుపేట దగ్గర మ్యాప్‌లో కనపడేది పెన్నా పాయేనా?

అన్నలూ ఒక డౌటు. నెల్లూరు కాడ ఇందుకూరుపేట వైపు తెలిసినాయన ఒకరు నాలుగెకరాలు కౌలుకిస్తానంటా ఉండాడు, పక్కనే పెన్నా పాయ ఉండాది నీళ్లకి ఢోకా లేదంట. మ్యాప్ తీస్తే నిజంగానే సముద్రానికి కాస్త ఇవతల ఉత్తరం నించి దక్షిణానికి నిలువునా నీలం గీత ఉంది. గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలినట్టు మన పెన్నా కూడా చీలతాదా? నాది ఉదయగిరి మెట్ట, డెల్టా సంగతులు బొత్తిగా తెలీదు.

కోవూరోడు:
అట్లా పెద్ద పాయలుగా చీలదు తమ్ముడూ. కర్ణాటకలో నంది కొండల కాడ పుట్టి 597 కిలోమీటర్లు వచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసిందాకా దాదాపు ఒకటే ఏరు. మనోళ్లు పాయ అనేది ఎండాకాలం ఇసకలో ఓ పక్కగా సన్నగా పారేదాన్నే. పొలాలకి నీళ్లు తెచ్చేవన్నీ తవ్విన కాలవలు. సోమశిల డ్యాములో వదిలితే సంగం కాడ కనిగిరి, కావలి, కనుపూరు కాలవలకి మళ్లుతాయి, మిగిలింది నెల్లూరు కాడ సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ కాలవలకి. 2022లో రెండు చోట్లా బ్యారేజీలు వచ్చినాయి కదా, అక్కడే. నువ్వు చూసిన నిలువు గీత బకింగ్‌హామ్ కెనాల్ అయి ఉంటాది చూడు.

తోటపల్లి గూడూరు రైతు:
బకింగ్‌హామే, డౌటే లేదు. బ్రిటిషోళ్లు పడవల కోసం తవ్వించింది అది, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం నీళ్లు అందులోకి ఎక్కతాయి, వరి మడికి పెడితే పైరు మాడిపోతాది. రొయ్యల గుంటలోళ్లకైతే పండగే. ఆయన్ని పొలం ఏ కాలవ కింద ఉంది, తూముకి ఎంత దూరం అని అడుగు. శివారు పొలమైతే పైనోళ్ల నాట్లు అయిందాకా నీ వంతు రాదు, అప్పటికి నారు ముదిరిపోతాది. పక్కన గుంటలుంటే ఉప్పు ఊట దిగి నేల చౌడు బారతాది, బోరేసినా ఉప్పునీళ్లే పడొచ్చు. ఇంకోటి, ఎడగారుకి (రెండో పంటకి) నీళ్లిచ్చేదీ లేందీ సోమశిలలో నిల్వ చూసి ఐఏబీ (సాగునీటి సలహా మండలి) మీటింగులో తేలుస్తారు, కాబట్టి రెండు పంటలకీ కలిపి కౌలు ఒప్పుకోమాక. ఎడగారు పండితేనే దాని కౌలు పుట్లు ఇస్తానని కాయితం మీద రాయించుకో (మన పుట్టి 850 కిలోలు, మెట్టోడివి కాబట్టి చెప్తా ఉండా).

పడుగుపాడు:
పొర్లుకట్టకి (ఏటి వరద ఆపే కట్టకి) లోపలా బయటా అనేది కూడా చూసుకో బ్రో. 2021 నవంబర్ వరదకి మా కాడ రైలు పట్టాల కింద కట్టే కొట్టుకపోయింది, ఇంక ఏటి పక్క మడి ఏం ఆగతాది.

ప్రశ్న వేసినాయన:
థ్యాంక్స్ అన్నా. తూము పేరడిగితే వచ్చి చూసుకోపో అంటా ఉండాడు.

తోటపల్లి గూడూరు రైతు:
అయితే జనవరి ఫిబ్రవరిలో పో, పైరు పొట్ట మీదుండేటప్పుడు (కంకి ఇంకా లోపలే ఉండేటప్పుడు), నీళ్లు అందేదీ లేందీ అప్పుడే తెలుస్తాది. ఆయన్ని అడగొద్దు, పక్క మడోళ్లని అడుగు.