పాత ఎం.టి.ఎస్, ఎం.ఓ.డి ఫైళ్లు, పెళ్లి డీవీడీలు టీవీలో, ఫోన్లో ఆడాలంటే ఏం చేయాలి?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్తే. అక్క పెళ్లి 2009లో అయింది, ఆ వీడియోలన్నీ ఒక పాత హార్డ్ డిస్క్‌లో మూల పడున్నాయి. నాన్న హ్యాండీక్యామ్‌తో తీసినవి ఎం.టి.ఎస్ ఫైళ్లు. పెదనాన్న జేవీసీ కెమెరాలోవి ఎం.ఓ.డి, వాటి పక్కనే అదే పేరుతో ఎం.ఓ.ఐ అని బుల్లి బుల్లి ఫైళ్లు, అవేంటో తెలీదు. ఇవి కాక వీడియోగ్రాఫర్ ఇచ్చిన డీవీడీలు, వాటిలో వీఓబీ ముక్కలు. అక్క వాళ్లు వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నారు, పిల్లలకి పెళ్లి వీడియో చూపించాలని అమ్మ ఒకటే గోల. నెట్‌లో దొరికిన ఒక కన్వర్టర్ వేస్తే తలంబ్రాల మీద అడ్డంగా దాని పేరు అచ్చేసి పెట్టింది, డబ్బు కడితే తీస్తుందట. ఫ్రీగా, క్వాలిటీ పోకుండా ఎలాగో చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

చిప్_చెలికాడు

ముందు కన్వర్ట్ చేయడం ఆపు తమ్ముడూ. ఫైల్ పేరు చివర ఉన్న మూడక్షరాలు పైన అంటించిన లేబుల్ మాత్రమే, లోపల వీడియో ఏ కోడెక్ (అంటే దాన్ని కుదించి దాచిన పద్ధతి), ఆడియో ఏ కోడెక్ అన్నది వేరే సంగతి. మీడియాఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైల్‌ని అందులోకి లాగి వదిలితే మొత్తం చూపిస్తుంది. ఎం.టి.ఎస్ అయితే దాదాపు ఖాయంగా లోపల హెచ్.264 ఉంటుంది, అంటే ఇవాళ్టి ఎంపీ4 ఫైళ్లలో ఉండేదే. అలాంటప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, అంటే వీడియోని కొత్తగా కుదించక్కర్లేదు, బయటి డబ్బా (ఫైల్ రకం) మారిస్తే చాలు. లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అవుట్‌పుట్ ఎంపీ4 పెట్టు, లేదా కమాండ్లతో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడటం వస్తే కోడెక్ దగ్గర కాపీ అని ఇవ్వు. గంట వీడియో నిమిషాల్లో అయిపోతుంది, క్వాలిటీ చుక్క కూడా పోదు.

ఎం.ఓ.డి ఇంకా సులువు. లోపల ఉండేది డీవీడీల్లో ఉండే ఎంపెగ్-2నే. పేరు చివర ఎం.పి.జి అని మార్చి చూడు, చాలా ప్లేయర్లలో ఆడేస్తుంది.

రాత్రిబండి

ఇంత బుర్ర బద్దలు కొట్టుకోవడం ఎందుకు బ్రో, హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ ఇన్‌స్టాల్ చేసి అన్నీ అందులో పడేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే లేచేసరికి రెడీ. వాటర్‌మార్క్ గీటర్‌మార్క్ ఏం ఉండదు, పూర్తిగా ఫ్రీ.

గోదారి_గట్టు

పైన ఇద్దరు చెప్పిందీ సగం సగం కరెక్టే. ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుందండి.

2009 నాటి హ్యాండీక్యామ్ అంటే మన దగ్గర ఎక్కువగా 1080ఐ, 50. అంటే ఇంటర్‌లేస్డ్: సెకనుకి 50 సగం బొమ్మలు, ఒకసారి సరి గీతలు, ఇంకోసారి బేసి గీతలు. టీవీ వాటిని తనే సర్దుకుంటుంది. అదే ల్యాప్‌టాప్‌లోనో ఫోన్లోనో చూస్తే, పెళ్లికూతురు చెయ్యి కదిపినప్పుడల్లా అంచుల వెంట దువ్వెన పళ్లలా గీతలు కనిపించొచ్చు. డబ్బా మారిస్తే ఆ గీతలు పోవు. అందుకని టీవీ కోసం చిప్_చెలికాడు చెప్పినట్టు, ఫోన్ కోసం హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్‌లోకి వెళ్లి, ఆ గీతలు తీసే డీకోంబ్ పెట్టండి. అందులో బాబ్ అనేది ఎంచుకుంటే కదలిక నున్నగా వస్తుంది, కానీ ఫ్రేమ్ రేట్ 50 పెట్టాలి. 30 దగ్గర ఆపే ప్రీసెట్‌ని (ముందే అమర్చి ఉన్న సెట్టింగ్‌ని) అలాగే వదిలేస్తే బాబ్ పెట్టిన ఫలితం ఉండదు. క్వాలిటీ దగ్గర ఆర్ఎఫ్ అనే అంకె 18 నుంచి 20 మధ్య చాలు. కోడెక్ హెచ్.264నే ఉంచండి, పాత టీవీలు హెచ్.265 అంటే మొహం తిప్పుకుంటాయి.

ఇంకోటి, ఆడియో. ఎం.టి.ఎస్‌లో సాధారణంగా ఏసీ-3 అనే ఆడియో కోడెక్ ఉంటుంది. ఉత్త డబ్బా మారిస్తే కొన్ని ఫోన్లలో బొమ్మ వస్తుంది గానీ మేళం వినపడదు. వీడియోని కాపీ చేసి, ఆడియో ఒక్కటీ ఏఏసీకి మార్చుకోండి.

డీవీడీలకైతే వీఓబీ ముక్కలు విడివిడిగా కన్వర్ట్ చేయకండి, ఇది అందరూ చేసే పనే. ఒక్కో ముక్క 1 జీబీ దగ్గర తెగుతుంది, మంత్రం సగంలో ఉన్నా సరే దానికేం పట్టదు. వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని మొత్తంగా హ్యాండ్‌బ్రేక్‌లో తెరిస్తే అది టైటిళ్లు చూపిస్తుంది, అన్నిటికంటే పొడుగైనదే మీ పెళ్లి. బొమ్మని 1080కి సాగదీయకండి, 720x576లో లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?

కృష్ణలంక_కుర్రాడు

సూపర్ అండి, చాలా థాంక్స్ అందరికీ. మీడియాఇన్ఫో చూశాను. ఎం.టి.ఎస్‌లో మీరు చెప్పినట్టే ఏవీసీ (హెచ్.264కే ఇంకో పేరట), ఏసీ-3, ఇంటర్‌లేస్డ్. డీవీడీ కూడా వచ్చేసింది. రెండు డౌట్లు. ఎం.ఓ.డి పేరు మార్చితే ఆడుతోంది కానీ అందరూ సన్నగా పొడుగ్గా సాగిపోయినట్టున్నారు, మా పెదనాన్న అసలు అంత సన్నం కాదు :) రెండోది, ఎం.టి.ఎస్ ముక్కలన్నీ కలిపితే వచ్చిన ఎంపీ4 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కట్లేదు, ఖాళీ ఉన్నా చోటు చాలదంటోంది.

గోదారి_గట్టు

మొదటిదానికి జవాబు ఆ ఎం.ఓ.ఐ ఫైళ్లలోనే ఉంది. వైడ్‌స్క్రీన్‌లో తీశారన్న సంగతి చాలాసార్లు ఎం.ఓ.డిలో సరిగ్గా రాసి ఉండదు, పక్కనున్న ఎం.ఓ.ఐలో రాసి ఉంటుంది. పేరు మార్చాక ప్లేయర్ దాన్ని చూడదు కాబట్టి 16:9 బొమ్మని 4:3లోకి నొక్కేస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో డైమెన్షన్స్ దగ్గర అనమార్ఫిక్ కస్టమ్ పెట్టి, డిస్‌ప్లే సైజు 1024x576 ఇస్తే పెదనాన్నగారు మళ్లీ మామూలు మనిషవుతారు. తేదీ వివరాలు కూడా ఎం.ఓ.ఐలో ఉంటాయి, చెత్త అనుకుని డిలీట్ చేయకండి.

చిప్_చెలికాడు

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, అందుకే. అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. లోపల ఉన్నవి ఇంకోచోట పెట్టుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చెయ్. అది మీ టీవీ చదవకపోతే ఎన్‌టీఎఫ్ఎస్ ప్రయత్నించు. రెండూ పడకపోతే స్నాతకం వేరే, జీలకర్ర బెల్లం వేరే, అప్పగింతలు వేరే ఫైళ్లుగా లాస్‌లెస్‌కట్‌లో కోసెయ్, పిల్లలు ఎలాగూ మూడు గంటలు కదలకుండా కూర్చోరు.